వారసత్వాన్ని కాదన్నవాళ్ల వారసులు

1948 మార్చిలో సేవాగ్రాం ఆశ్రమంలో ఒక పెళ్లి జరిగింది. పెళ్లికూతురు మనోరమ. కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోపరాజు రామచంద్రరావుగారి, అంటే మనందరికీ తెలిసిన గోరాగారి పెద్దకూతురు. పెళ్లికొడుకు అర్జునరావు, దళిత కుటుంబం నుంచి వచ్చిన యువకుడు. ఈ పెళ్లి తన ఆశ్రమంలోనే చేయిస్తానని గాంధీజీ మాట ఇచ్చారు. అబ్బాయి ముందు కొంతకాలం సేవాగ్రాంలో ఉండి పని నేర్చుకోవాలన్నారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు ఉండటం గోరాకు సమ్మతం కాదు. అయితే ఆ చోట సత్యం అనే మాట పెట్టుకుందామని గాంధీజీ ఒప్పుకున్నారు. ఇంతలో జనవరి 30న ఆయన్ని కాల్చి చంపేశారు. కొన్ని వారాల తర్వాత, ఆయన లేని ఆశ్రమంలో, అనుకున్న పెళ్లి అనుకున్నట్టే జరిగింది.

తండ్రి నమ్మిన ఆదర్శం కూతురి పెళ్లి దాకా రావడం మన దగ్గర అంత తేలిక కాదు. సంస్కరణ ముందు ఉపన్యాసంలో ఉంటుంది. అక్కడి నుంచి వీధిలోకి వస్తుంది, వీధిలోంచి అరుగు ఎక్కుతుంది, గడప దగ్గర ఆగిపోతుంది. పిల్లల పెళ్లి మాట వచ్చేసరికి చాలామంది సంస్కర్తల ఇళ్లలో కూడా మేనరికాలు, గోత్రాలు చూసేశారు.

మా ఇంటి సంగతే చెప్తాను. మా తాతగారు చివరిదాకా ఖద్దరే కట్టారు. సహపంక్తి భోజనాలకు పిలిస్తే మొదటి వరసలో కూర్చునేవారు. అదే తాతగారి ఇంట్లో, పెరటి గోడ మీద, చూరు కింద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. పొలం పని చేసే ఆయన వస్తే మంచినీళ్లు అందులోనే పోసేవారు. తాగాక ఆయనే కడిగి అక్కడే బోర్లించి వెళ్లేవారు. తాతగారికి ఆ గ్లాసు కనపడలేదని నేను అనుకోను. అది నానమ్మ వ్యవహారం అనుకుని ఊరుకున్నారు. ఊరుకోవడం కూడా పిల్లలకు పాఠమే అవుతుందని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

ఆ గ్లాసు ఎక్కడికి పోయిందో తర్వాత చెప్తాను. ముందు అసలు చిక్కు చూద్దాం.

వారసత్వంగా ఇల్లు, పొలం, నగలు వస్తాయి. ఇంటి పేరు వస్తుంది. మన దేశంలో వీటన్నిటికన్నా గట్టిగా వచ్చేది కులం. అడగకపోయినా వస్తుంది, వద్దన్నా పోదు. కాబట్టి సంఘ సంస్కర్త చేసే పని ఒక రకంగా వారసత్వాన్ని తెంచడమే. మరి వారసత్వాన్ని తెంచిన మనిషి తన పిల్లలకు ఏమిచ్చి వెళ్లాలి? ‘మా నాన్న చెప్పాడు కాబట్టి నేను కులం పాటించను’ అనేవాడూ, ‘మా నాన్న చెప్పాడు కాబట్టి పాటిస్తాను’ అనేవాడూ ఇద్దరూ నాన్న మాటే వింటున్నారు. రేపు ఊరంతా ఎదురు తిరిగితే మొదటివాడు ఎంతసేపు నిలబడతాడో చెప్పలేం.

అహింస దగ్గర ఈ చిక్కు ఇంకా బిగుసుకుంటుంది. క్రమశిక్షణను బెదిరించి అయినా నేర్పొచ్చు, చాలా ఇళ్లలో అలాగే నేర్పుతారు. అహింసను బెదిరించి నేర్పితే ఆ నేర్పడంలోనే హింస ఉంటుంది. బిడ్డ దాన్ని వెంటనే పసిగడతాడు.

అందుకే ‘ఆయన అడుగుజాడల్లో వారసులు నడుస్తున్నారు’ అన్న మాట పేపర్లో చూసినప్పుడల్లా నాకు ఆగి అడగాలనిపిస్తుంది. వాళ్లకు నిజంగా అందింది ఏమిటి? పేరా, సంస్థా, లేక పని చేసే తీరా? ఈ మూడూ ఒకటే అన్నట్టు మనం మాట్లాడతాం. మూడింటి గుణం వేరు. పేరు పుట్టగానే వస్తుంది. సంస్థ సంతకంతో వస్తుంది. పని చేసే తీరు మాత్రం ఏళ్ల తరబడి ఇంట్లో చూస్తే తప్ప రాదు, చూసినా అందరికీ రాదు. గోరాగారి కుటుంబం కథ దగ్గరగా చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

గోరా 1902లో ఛత్రపురంలో, ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఊరు, సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. వృక్షశాస్త్రం చదివి కాలేజీల్లో పాఠాలు చెప్పారు. జంధ్యం తీసేసినందుకు తండ్రి ఇంట్లోంచి వెళ్లిపొమ్మన్నారు. నాస్తికత్వం గురించి నోరు మూసుకోనందుకు కాకినాడలో ఉద్యోగం పోయింది. మచిలీపట్నంలో మళ్లీ చేరి, చివరికి దాన్ని కూడా వదిలేసి, 1940లో ముదునూరు వెళ్లి తాటాకు పాకల్లో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది.

ఇదంతా ఆయన కథగా చెప్పుకుంటాం. ఆయన భార్య సరస్వతిగారి వైపు నుంచి ఒకసారి చూడండి. 1922లో ఆవిడకు పెళ్లయ్యేనాటికి పదేళ్లు. కట్టుకున్నవాడు జంధ్యం తీసేశాడు, అత్తారింట్లోంచి బయటికి రావాల్సి వచ్చింది, నెల జీతం ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూస్తే బిడ్డకు అంగవైకల్యం వస్తుందని ఊరంతా భయపెట్టే రోజుల్లో ఆవిడ బయటికొచ్చి గ్రహణం చూశారు. ఇక్కడ ధైర్యం భర్తది ఎంతో భార్యది అంతకన్నా ఎక్కువ. ఏదైనా జరిగి ఉంటే లోకం జీవితాంతం వేలెత్తి చూపేది తల్లినే కదా.

కందుకూరి వీరేశలింగంగారి ఇంట్లోనూ ఇదే జరిగింది. 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించాక సంఘం వెలివేసింది. వంటవాళ్లు మానేశారు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్లి బిందెతో నీళ్లు మోసుకొచ్చారు. చరిత్రలో ఆ పెళ్లి తారీఖు ఉంటుంది, ఆ నీళ్ల బిందె ఒక్క వాక్యంలో ఉంటుంది. సంస్కరణ ఇంట్లో పిల్లల దాకా చేరాలంటే ఆ బిందె మోసినవాళ్ల వల్లే చేరుతుందని నా నమ్మకం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట గెలిచేది ఎక్కువగా ఇల్లాలే.

క్విట్ ఇండియా కాలంలో సరస్వతిగారు జైలుకు వెళ్లినప్పుడు చంటిబిడ్డ నియంతను కూడా వెంట తీసుకువెళ్లారు. సత్యాగ్రహం అంటే ఏమిటో ఆ పిల్లాడికి ఎవరూ నిర్వచనం చెప్పి ఉండరు.

నియంత అన్న పేరు చూసి ఆశ్చర్యపోయారా? ఆ ఇంట్లో తొమ్మిది మంది పిల్లలు: మనోరమ, లవణం, మైత్రి, విద్య, విజయం, సమరం, నియంత, మారు, నౌ. ఒక్క పేరులోనూ దేవుడు లేడు, కులం లేదు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టినవాడు లవణం. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చిన 1939లో పుట్టినవాడు సమరం. లోకాన్ని నియంతలు వణికిస్తున్న రోజుల్లో పుట్టినవాడు నియంత. మార్పును కోరి మారు. తొమ్మిదో బిడ్డ నౌ, హిందీలో తొమ్మిది. వినడానికి వింతగా ఉన్నా, దీని వెనక ఆలోచన ఉంది. మన పేర్లు ఎక్కువగా వెనక్కి చూస్తాయి: తాతగారి పేరు, కులదైవం పేరు. ఈ పిల్లల పేర్లు పక్కకు చూస్తాయి, తాము పుట్టిన రోజున లోకంలో ఏం జరుగుతోందో చెప్తాయి. పేరు అడిగిన ప్రతివాడికీ ఆ పిల్లలు ఒక సంగతి వివరించాల్సి వచ్చేది. కులం కనుక్కుందామని అడిగినవాడికి చరిత్ర పాఠం దొరికేది.

ఇప్పుడు అహింస దగ్గరికి వద్దాం. గోరా నాస్తికుడు, గాంధీజీ రామనామం విడవనివాడు. వీళ్లిద్దరికీ ఎలా కుదిరింది? 1944 చివర్లో సేవాగ్రాంలో కలిసి మాట్లాడుకున్నప్పుడు గోరా బెంగాల్ కరువు గురించి చెప్పారు. కలకత్తా వీధుల్లో తిండి ఉన్న దుకాణాల ముందే జనం ఆకలితో చనిపోయారు. అంతా తలరాత అనుకోవడం వల్లే వాళ్లు చెయ్యి చాచలేదు, దుకాణందారుకు జాలి కలగలేదు, మనిషి బతుకు మనిషి చేతుల్లోనే ఉందని తెలిస్తే ఇలా జరగదు అన్నది ఆయన వాదన. గాంధీజీ ఒప్పుకోలేదు. అలాగని కొట్టిపారెయ్యనూ లేదు. తన ఆస్తికత్వమే సరైనదనీ గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేనన్నారు, ఇద్దరమూ సత్యాన్ని వెతికేవాళ్లమే అన్నారు.

నా దృష్టిలో అహింస అంటే ముందు ఇది. ఎదుటివాడు తప్పని గట్టిగా నమ్ముతూనే, అతని మాటలో నాకు తెలియని నిజం ఉండొచ్చని చోటు వదిలిపెట్టడం. చెయ్యి ఎత్తకపోవడం, ఉపవాసం, పాదయాత్ర ఇవన్నీ దాని తర్వాత వచ్చేవి. ఎదుటివాడికి ఆ చోటు వదలని ఉపవాసం మొండిపట్టు అవుతుంది. బిడ్డలకు అందాల్సింది కూడా ఇదే, కష్టం కూడా ఇక్కడే ఉంది. నాన్నతో విభేదించే చోటును నాన్నే వదిలిపెట్టాలి.

గోరా పిల్లలు ఆ చోటును వాడుకున్నారు. లవణంగారు వినోబా భావే భూదానం కోసం ఆంధ్రలో నడిచినప్పుడు ఆయన హిందీ ఉపన్యాసాలను తెలుగులోకి అనువదించారు. వినోబా మాట్లాడితే వాక్యానికొక దేవుడు. నాస్తిక కేంద్రంలో పెరిగిన యువకుడు ఊరూరా మైకు ముందు నిలబడి ఆ దేవుణ్ణి ఒక్కమాట పోకుండా తెలుగులో చెప్పాలి. భూమి లేనివాడికి భూమి రావడం ముఖ్యం అనుకున్నాడు కాబట్టి చెప్పాడు. కూతురు విద్య ఇంకో దారిలో వెళ్లారు. గోరా జీవితం చివరిదాకా పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలన్నారు, మంత్రులు ఆడంబరం మానాలని సేవాగ్రాం నుంచి ఢిల్లీకి కాలినడకన కూడా వెళ్లారు. ఆయన 1975లో చనిపోయారు. 1980లో చెన్నుపాటి విద్యగారు కాంగ్రెస్ టికెట్ మీద విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు, 1989లో మళ్లీ గెలిచారు. తండ్రి ఆశయానికి ఇది విరుద్ధమా? ఒక లెక్కలో అవును. కానీ 1969లోనే ఆవిడ వాసవ్య మహిళా మండలి మొదలుపెట్టి ఆడవాళ్ల కోసం పనిచేస్తున్నారు. వాసవ్య అంటే వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం, ఈ మూడు మాటల మొదటి అక్షరాలు. తండ్రి చెప్పిన మూడో మాటను ఆవిడ తండ్రి మీదే ప్రయోగించారనుకుంటాను. సమరంగారు డాక్టరై, తెలుగువాళ్లు ఇంట్లో ఎవరినీ అడగలేని శరీర సందేహాలకు పత్రికల్లో ఏళ్ల తరబడి జవాబులు రాశారు. అందులో గాంధీ మాట ఒక్కటీ కనపడకపోవచ్చు. భయాన్ని పోగొట్టడం మాత్రం అదే పని.

ఈ కుటుంబం గురించి ఒక్క సంగతే చెప్పమంటే మాత్రం నేను స్టువర్టుపురం గురించి చెప్తాను.

బాపట్ల దగ్గర ఉన్న ఈ ఊరు 1913లో పుట్టింది. అంతకుముందు ఎరుకలవాళ్లు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్లకు వెళ్లి ధాన్యానికి మారకం చేసేవాళ్లు, బుట్టలు అల్లేవాళ్లు. రైళ్లు వచ్చాయి, బ్రిటిష్‌వాళ్లు ఉప్పు మీద పెత్తనం బిగించారు, ఆ వ్యాపారం చచ్చిపోయింది. తిరిగే మనుషుల మీద ప్రభుత్వానికి ఎప్పుడూ అనుమానమే. 1871లో చేసిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఆ చట్టం ప్రకారం ఫలానా తెగలో పుట్టడమే నేరం. వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. అలాంటివాళ్లను కట్టడి చేయడానికి పెట్టిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థది. పేరు కూడా మద్రాసు ప్రభుత్వంలోని ఒక దొరది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో చట్టం రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు ఆ ఊరికే వచ్చేవాళ్లు. ఊరి పేరు చెబితే పని దొరకదు. జైలు నుంచి వచ్చినవాడికి పొలం లేదు, కూలి లేదు, మళ్లీ పాత దారే.

ఉప్పు వ్యాపారం పోయి దొంగలన్న పేరు పడ్డ మనుషుల దగ్గరికి, ఉప్పు సత్యాగ్రహం పేరు పెట్టుకున్న మనిషి వెళ్లాడు. లవణం, ఆయన భార్య హేమలత 1970లలో అక్కడ పని మొదలుపెట్టారు.

వాళ్ల పని తీరులో గమనించాల్సింది ఒకటుంది. దొంగతనం చేసేవాడికి నీతి చెప్పి మార్చడం అనుకుంటే అది వన్‌సైడ్ వ్యవహారం. సమస్య మూడు వైపులా ఉంది. దొంగతనం మానిన మనిషికి బతుకుతెరువు చూపాలి. అతను మానాడని పోలీసు నమ్మాలి, నమ్మి ఇంటి మీదికి రావడం మానాలి. పక్క ఊరివాళ్లు అతనికి పని ఇవ్వాలి. ఒక్కటి తప్పినా మిగతా రెండూ కూలిపోతాయి. అందుకని వాళ్లు జైళ్లకు వెళ్లి ఖైదీలతో మాట్లాడారు, అధికారులతో మాట్లాడారు, అన్నిటికీ మించి ఆ ఇళ్లలోని ఆడవాళ్లతో, పిల్లలతో మాట్లాడారు. మొగుడు జైల్లో ఉంటే కుటుంబం ఎలా గడుస్తుందో, ఏ రాత్రి తలుపు కొడతారోనన్న టెన్షన్ ఎలా ఉంటుందో వాళ్లకే తెలుసు. మారాలన్న కోరిక ముందు అక్కడే ఉంటుంది. హేమలతగారికి ఇది అర్థమైంది.

ఆవిడకు అర్థం కావడానికి కారణం ఉంది. ఆవిడ గుర్రం జాషువాగారి అమ్మాయి. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది, కాబట్టి నా మొర నువ్వే తీసుకెళ్లి శివుడికి చెప్పమని గబ్బిలాన్ని వేడుకున్న కావ్యం రాసిన కవి. పుట్టుకతో పడ్డ ముద్ర అంటే ఏమిటో ఆవిడకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. 1960లో లవణంగారితో పెళ్లయ్యాక ఆవిడ వెంట తెచ్చుకున్న వారసత్వం గోరాగారిది కాదు, జాషువాగారిది. గోరా ఇంట్లో కులాన్ని పైనుంచి విడిచిపెట్టారు. జాషువా ఇంట్లో కులాన్ని కిందనుంచి మోశారు. ఈ రెండు అనుభవాలూ ఒక కాపురంలో కలిశాయి కాబట్టే ఆ పనికి అంత బలం వచ్చిందని నేననుకుంటాను. గోరా ఒక్కడి వారసత్వమే అయితే అది దయగా మిగిలిపోయేదేమో.

ఆ తర్వాత ఈ దంపతులు నిజామాబాద్ జిల్లాకు వెళ్లారు. అక్కడ దళిత ఆడపిల్లల్ని చిన్నతనంలోనే ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చి జోగినిని చేసేవారు. పేరుకు దేవత భార్య, నిజానికి ఊళ్లో పెత్తందార్ల సొత్తు. పుట్టే పిల్లలకు తండ్రి పేరు ఉండదు. సంస్కార్ అనే సంస్థ పెట్టి వాళ్లు ఆ ఊళ్లలో పనిచేశారు. 1988లో దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం వచ్చింది, అందులో జోగిని, బసివి, మాతమ్మ అన్నీ చేరాయి. చట్టం రావడంతో ఆచారం ఆగిపోతే బాగుండేది. ఆగలేదు. జోగిని కూతురు బడిలో చేరేటప్పుడు తండ్రి పేరు గడిలో ఏం రాయాలన్న ప్రశ్నకు చట్టం జవాబు చెప్పదు. పక్కన నిలబడే మనిషి కావాలి.

ఇవేవీ గోరా చెప్పి వెళ్లిన పనులు కావు. ఆయన బతికుండగా స్టువర్టుపురం ఆయన ప్రధాన కార్యక్రమం కాదు, జోగినులూ కాదు. కొడుకు, కోడలు తమ కాలంలో తమ కంటికి కనపడ్డ అన్యాయాన్ని ఎంచుకున్నారు. ఇంట్లో నేర్చుకున్న తీరును అక్కడ వాడారు. నేను చెప్పదలుచుకున్నది ఇదే: నాన్న మొదలుపెట్టిన పనిని కొనసాగించడం కన్నా, నాన్న పనిచేసిన తీరుతో కొత్త పని మొదలుపెట్టడం అసలైన కొనసాగింపు. మొదటిది మెల్లగా జయంతి, వర్ధంతి, విగ్రహం అయిపోతుంది.

అన్ని ఇళ్లలో ఇలా జరగలేదు. గాంధీజీ ఇంటి సంగతే చూడండి. పెద్దకొడుకు హరిలాల్ దక్షిణాఫ్రికా సత్యాగ్రహంలో ఎన్నిసార్లు జైలుకు వెళ్లాడంటే అతన్ని చిన్న గాంధీ అనేవాళ్లు. ఇంగ్లండు వెళ్లి లా చదవాలని అతని కోరిక. స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు తండ్రి తన కొడుక్కి ఇవ్వకుండా ఇంకొకరికి ఇచ్చారు. సూత్రం గొప్పదే. ఆ సూత్రానికి మూల్యం చెల్లించింది మాత్రం కొడుకు. తర్వాత తండ్రీకొడుకులు విడిపోయారు, హరిలాల్ తాగుడులో పడి, తండ్రి పోయిన ఏడాదే జూన్‌లో చనిపోయాడు. రెండో కొడుకు మణిలాల్ 1926లో ఒక ముస్లిం అమ్మాయిని పెళ్లి చేసుకుంటానంటే గాంధీజీ వద్దన్నారు. అదే గాంధీజీ చివరి సంవత్సరాల్లో వధూవరుల్లో ఒకరు హరిజనులైతేనే పెళ్లికి ఆశీర్వాదం అన్నారు. ఆయన మారారు. మణిలాల్ పెళ్లికి ఆ మార్పు అందలేదు, మనోరమ పెళ్లికి అందింది. ఇది చదివినప్పుడు నాకు మణిలాల్ మీద జాలి కలుగుతుంది, గాంధీజీ మీద గౌరవం తగ్గదు. తప్పు చేసి దిద్దుకున్న మనిషి దగ్గర పిల్లలకు నేర్చుకోవడానికి ఏదో ఉంటుంది.

ఆ మణిలాలే దక్షిణాఫ్రికాలో ఉండిపోయి, తండ్రి పెట్టిన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికను 1956లో చనిపోయేదాకా నడిపారు. 1952లో నల్లజాతివాళ్లతో కలిసి ధిక్కార ఉద్యమంలో జైలుకు వెళ్లారు. ఆయన కూతురి పేరు ఇలా గాంధీ. ఆవిడ వర్ణవివక్షకు ఎదురు నిలిచి ఏళ్ల తరబడి నిషేధాజ్ఞల కింద గడిపారు, 1994లో ఆ దేశ పార్లమెంటు సభ్యురాలయ్యారు. 1904లో తాతగారు కట్టిన ఫీనిక్స్ ఆశ్రమాన్ని 1985 అల్లర్లలో తగలబెట్టారు. తర్వాత మళ్లీ కట్టుకున్నారు. కోరిన పెళ్లిని కాదన్న తండ్రి పనిని కొడుకు జీవితాంతం మోశాడు. ఎందుకు మోశాడో ఒక్క మాటలో చెప్పలేం. కుటుంబాల్లో ప్రేమ, కోపం విడివిడిగా ఉండవు.

మార్టిన్ లూథర్ కింగ్ ఇంట్లో చిక్కు ఇంకో రకంగా వచ్చింది. ఆయన చనిపోయిన 1968లోనే భార్య కొరెటా ‘కింగ్ సెంటర్’ మొదలుపెట్టారు. తల్లి పోయాక పిల్లలు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కారు. 2014లో నాన్న నోబెల్ పతకం, ఆయన చేతి బైబిల్ అమ్మాలా వద్దా అన్నది కేసు. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తండ్రిని చిన్న వయసులో పోగొట్టుకున్న పిల్లలు వాళ్లు. కానీ అహింసా యోధుడి మాటలు, వస్తువులు ఆస్తిగా మారితే, ఆస్తికి ఉండే తగాదాలన్నీ వాటికీ వస్తాయి.

మరి అసలు కుటుంబమే వద్దనుకుంటే? వీరేశలింగంగారికి పిల్లలు లేరు. 1906లో హితకారిణి సమాజం పెట్టి ఆస్తి దానికే ఇచ్చేశారు. రక్తసంబంధం లేని మనుషులు దాన్ని నడిపారు. మహారాష్ట్రలో జోతిబా ఫూలే, సావిత్రీబాయి దంపతులు ఒక బ్రాహ్మణ వితంతువు బిడ్డను దత్తత తీసుకున్నారు. యశవంత్ డాక్టరయ్యాడు. 1897లో పుణెలో ప్లేగు వస్తే తల్లీకొడుకులు కలిసి రోగులకు సేవ చేశారు, ఆ సేవలోనే ప్లేగు సోకి సావిత్రీబాయి చనిపోయారు. కాబట్టి రక్తం తప్పనిసరి కాదు. పండిత పుత్రుడి సామెత ఊరికే పుట్టలేదు కూడా. అయితే కుటుంబానికి ఒక సౌకర్యం ఉంది. సంస్థలో మనిషి రోజుకు ఎనిమిది గంటలు ఆదర్శంగా ఉండగలడు. ఇంట్లో అలా కుదరదు. కోపం వచ్చినప్పుడు, డబ్బు లేనప్పుడు, జ్వరం వచ్చినప్పుడు నాన్న ఎలా ఉన్నాడో పిల్లలు చూస్తారు. ఇల్లు ఆ పరీక్షలో నెగ్గితే దాన్ని మించిన బడి లేదు. నెగ్గకపోతే బయట ఎంత కీర్తి ఉన్నా పిల్లలకు ఏమీ అందదు.

కుటుంబం చేతిలో సంస్థ ఉంటే ఇంకో ప్రమాదం ఉంది. దాన్ని ప్రేమతో నడిపేవాళ్లకే అది కనపడదు. బయటివాడు ఎంత పనిచేసినా చివరికి కుర్చీ మాత్రం ఇంట్లోవాళ్లకే వస్తుంటే, వంశాన్ని కాదన్న చోటే ఇంకో వంశం తయారవుతుంది. ఆదర్శ కుటుంబాలన్నీ దీని గురించి బహిరంగంగా మాట్లాడుకుంటే మంచిది. గోరా తన నాస్తికత్వంలో అన్నిటికన్నా ముందు పెట్టిన విలువ దాపరికం లేకపోవడమే. లెక్కలు, పదవులు, తర్వాత ఎవరన్న ప్రశ్న, అన్నీ ఆ వెలుతురులోకి రావాలి.

గోరా పేరు మీద 2002లో తపాలా బిళ్ల వచ్చింది. సరస్వతిగారు 2006లో, హేమలతగారు 2008లో, లవణంగారు 2015లో, విద్యగారు 2018లో, విజయంగారు 2020లో వెళ్లిపోయారు. ఆ తరం చూసిన కులం ఇప్పుడు అదే రూపంలో లేదు. హోటల్లో పక్కపక్కన కూర్చుని తింటున్నాం, గ్లాసు వేరు పెట్టడం చాలా చోట్ల పోయింది. అదే సమయంలో వేరే కులం అబ్బాయిని చేసుకున్నందుకు కన్నవాళ్లే చంపించిన వార్తలు చదువుతున్నాం. మ్యాట్రిమోనీ సైట్లో కులం గడి అన్నిటికన్నా పైన ఉంటుంది. సహపంక్తి భోజనం ఆనాటి సాధనం. ఈనాటి సాధనం ఏమిటో ఈ తరమే కనిపెట్టాలి, తాతల ఫొటోలో దొరకదు.

ఆ గ్లాసు సంగతి చెప్తానన్నాను. దాన్ని తీసింది మా అమ్మ. కాపురానికి వచ్చిన రెండో ఏడు, ఒక రోజు అంట్లు తోముతూ పెరటి గోడ మీది గ్లాసును కూడా తీసి తోమి, మిగతా గ్లాసులతో పాటు వంటింట్లో బోర్లించింది. ఎవరితోనూ వాదించలేదు. గ్లాసులన్నీ ఒకే సెట్టువి, ఏది ఏదో గుర్తుపట్టే వీలు లేదు. పొలం పని చేసే ఆయన ఆ రోజు వస్తే చేతికందిన గ్లాసులో నీళ్లిచ్చింది. నానమ్మ చూసింది. ఆ రోజు నుంచి ఆవిడ స్టీలు గ్లాసు ముట్టుకోలేదు, తన ఇత్తడి చెంబుతోనే తాగేది. తాతగారు మాత్రం ఆ పూట భోజనానికి కూర్చుని, అమ్మను మంచినీళ్లు అడిగి, ఆ గ్లాసుల్లోంచే తాగారు. నానమ్మ కోపం ఎన్నాళ్లుందని అమ్మను అడిగితే, చాలా నెలలే ఉందంది. ఇత్తడి చెంబు ఎప్పుడు మానేసిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.